ఇష్యూ కాని పలకలు

స్టాకు తనిఖీ అంటే స్మృతి భాండాగారంలో అందరికీ గుండెల్లో రాయి పడేది, ఒక్క వారిజకి తప్ప. ఆవిడకి అదొక పండగ. కొంగు బిగించి, పొడుగాటి రిజిస్టరు చంకన పెట్టుకుని రాక్‌ల మధ్యకి వెళ్ళిందంటే, మధ్యాహ్నం అన్నం సంగతి కూడా ఎవరో ఒకరు వెళ్ళి గుర్తు చెయ్యాల్సిందే. పద్నాలుగేళ్ళు ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు సర్దిన మనిషి. ఆరేళ్ళ కిందట కాకినాడలోని ఈ భాండాగారానికి వచ్చింది. పుస్తకాలైనా, ఇక్కడి గాజు పలకలైనా ఆవిడకి ఒకటే. దేనికి నంబరు ఉందో దానికి చోటుండాలి. దేనికి చోటుందో అది ఆ చోట్లోనే ఉండాలి.

ఆ రోజు ఆవిడ పదిహేడో రాక్ దగ్గర ఉండగా, పైవరసలో అగ్గిపెట్టంత పలక ఒకటి మినుక్కుమని ఆరిపోయింది. దాని అంచున ఆ రోజు తేదీ పడింది.

"సత్తిరాజు గారండి," అన్నాడు అటెండరు గురవయ్య నిచ్చెన మీంచి, పలక నంబరు చూసి. "కాఫీలో పంచదార ఎన్ని చెంచాలో అడుగుతున్నారండి. రోజూ ఇదే టైముకండి, ఆయ్."

ఊళ్ళో ఎక్కడో కూర్చుని కాఫీ కలుపుకుంటున్న సత్తిరాజు గారికి, ఆయన పంచదార లెక్క ఇక్కణ్ణుంచే వెళ్ళాలి. ఎనిమిదేళ్ళ కిందట మరపు జ్వరం వచ్చినప్పుడు, మనుషులు బతికి బయటపడేవారు గానీ, లోపల ఉన్నదంతా రోజుకింత చొప్పున కరిగిపోయేది. తన ఇల్లు తనకు తెలియక వీధి మొగలో నిలబడి ఏడ్చిన పెద్దమనుషులు ఎందరో. అప్పుడు డాక్టర్ ఫణిభూషణ్ ఈ ఉపాయం కనిపెట్టాడు. జ్ఞాపకం కరిగిపోయేలోపు దాన్ని తలలోంచి లాగి గాజు పలక మీదికి ఎక్కించడం, చెవి వెనక శనగగింజంత పూస పెట్టడం. మనిషికి అవసరం పడితే పూస అడుగుతుంది, పలకలోని జ్ఞాపకం వెళ్ళి పని చూసుకుని తిరిగి వస్తుంది, పలక అంచున తేదీ పడుతుంది. వారిజ భాషలో చెప్పాలంటే ఇష్యూ, రిటర్ను. సభ్యులు రెండు వందల పన్నెండు మంది. ఒక్కొక్కరికీ ఒక్కో రాక్. వాళ్ళలో ఒకరు వారిజ సొంత అక్క హైమవతి.

ఈసారి తనిఖీకి ఒక ఒత్తిడి ఉంది. జ్వరం మళ్ళీ తలెత్తింది. పక్క వార్డులో యాభై ఏడుగురు పడి ఉన్నారు. వాళ్ళకి ఎక్కించడానికి ఖాళీ పలకల్లేవు. కొత్త పలక తయారవడానికి ఏడాది పడుతుంది. వాళ్ళ జ్ఞాపకాలు ఏడాది ఆగవు. ఒకావిడ అప్పటికే తన బిడ్డను "ఎవరి పిల్లమ్మా ఇది, ముద్దుగా ఉంది" అని అడిగింది. ఆ మాట విన్న రోజు వారిజ అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయింది.

"పాత స్టాకులోంచి తీసేద్దాం డాక్టరు గారూ," అని ఆవిడే చెప్పింది. "గ్రంథాలయాల్లో చేసేదే. ఐదేళ్ళుగా ఒక్కసారి కూడా ఇష్యూ కాని పుస్తకం ఎవరికీ అక్కర్లేని పుస్తకం. దాన్ని తీసి చోటు ఖాళీ చేస్తాం."

డాక్టరు రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

ఇక చూడాలి వారిజ పని! అంచున తేదీ లేని పలకలన్నీ ఏరింది. కేటలాగు కార్డుల్లో వాటిలో చాలావరకు "చిన్ననాటి చిల్లర" అనే శీర్షిక కింద ఉన్నాయి. ఆ శీర్షిక పెట్టింది కూడా ఆవిడే. పెనం మీద వేలు కాలడం, మూడేళ్ళు. కుక్క తరమడం, ఆరేళ్ళు. ప్లగ్గులో వేలు పెట్టడం, ఐదేళ్ళు. రైలు కట్ట మీద ఆడుకున్నందుకు నాన్న చెంపదెబ్బ, ఏడేళ్ళు. ఇలాంటివే. అక్క రాక్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగిన మాట నిజమే. కానీ తన మనిషికో న్యాయం, ఊరి మనుషులకో న్యాయమా? అక్క రాక్‌లోంచి కూడా ముప్పై ఒక్క పలకలు తీసి ట్రేలో పెట్టింది. మొత్తం నాలుగు వేల నూట ఆరు. పలకలన్నీ తుడిచేశారు. నాలుగు రోజుల్లో యాభై ఏడుగురి జ్ఞాపకాలూ వాటి మీదికి ఎక్కాయి. ఆ తల్లి తన బిడ్డను పేరు పెట్టి పిలిచింది. డాక్టరు వార్డులో అందరి ముందూ వారిజకి చేతులెత్తి నమస్కారం పెట్టాడు.

ఆ ఆదివారం పొద్దున్న హైమవతి పెసరట్లు పోస్తోంది. జ్వరం రాకముందు ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూటు నడిపిన మనిషి. అమ్మ పోయాక చెల్లెల్ని చదివించింది ఆ టైపు మిషన్లతోనే. ఇప్పుడు టైపు చెయ్యదు గానీ, చేతుల్లో ఆ చురుకు పోలేదు. వారిజ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది.

"పెనం ఒక పక్కకి ఒరిగిందే," అంటూ హైమవతి ఒట్టి చేత్తో పెనాన్ని పట్టుకుని సర్దింది.

చుయ్యిమని చప్పుడైంది. "అబ్బా!" అంది హైమవతి. చెయ్యి తీసి, ఆశ్చర్యంగా దాని వంక చూసుకుంది. తర్వాత, ఇంకా సరిగ్గా కుదరలేదన్నట్టు, అదే చేత్తో మళ్ళీ పెనాన్ని పట్టుకుంది.

వారిజ కత్తిపీట దాటి ఒక్క దూకు దూకి అక్కను వెనక్కి లాగింది. "నీకేమైనా మతి పోయిందా అక్కా! కాలుతున్న పెనం!"

"తెలుస్తూనే ఉంది, మండుతోంది," అంది హైమవతి అమాయకంగా. "దానికెందుకే అలా అరుస్తావు?"

వారిజ కలబంద గుజ్జు రాసి కట్టు కట్టింది. కాలిన బాధ అక్క ముఖంలో ఉంది. కానీ ఇంకేదో లేదు. అదేమిటో వారిజ చెప్పలేకపోయింది. పావుగంట తర్వాత హైమవతి లేచి, కట్టు కట్టిన చెయ్యి చాచి మళ్ళీ పొయ్యి వైపే నడిచింది. వారిజ గ్యాసు కట్టేసి, వంటింటికి తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుంది.

మర్నాడు భాండాగారంలో అడుగు పెట్టగానే గురవయ్య ఎదురొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"సత్తిరాజు గారు పోయారండి."

"పోవడమేంటి? నిన్నగాక మొన్న కూడా..."

"రైలు గేటు వేసుంటే కిందనుంచి దూరి వెళ్ళారంటండి. గేటుమాను కేకలేశాడంట, రైలొచ్చేస్తోంది బాబూ అని. 'రానివ్వండి, దాని దారిన అదొస్తుంది' అన్నారంటండి. నవ్వుతూనే ఉన్నారంట. ఆయ్."

వారిజ రాక్‌ల మధ్యకి నడిచింది. పదిహేడో రాక్‌లో ఇంక ఏ పలకా వెలగదు. రోజూ ఆ టైముకి వెలిగే పంచదార పలక చీకటిగా ఉంది.

బుధవారం మంగతాయారు గారు. పెరట్లో పాము కనిపిస్తే, తొక్కుతారేమో పాపం అని చేత్తో ఎత్తి పక్కన పెట్టబోయింది. గురువారం ఇంకొకాయన. తడి చేత్తో నీళ్ళ మోటారు వైరు పట్టుకుని, షాక్ కొట్టి విసిరేస్తే లేచి, మళ్ళీ వెళ్ళి పట్టుకున్నాడు. పోయిన ముగ్గురూ భాండాగారం సభ్యులే.

వారిజ తీసేసిన పలకల జాబితా బయటికి తీసింది. తన అందమైన చేతిరాత. సత్తిరాజు పేరు కింద వేలు పెట్టి చదివింది. రైలు కట్ట, నాన్న చెంపదెబ్బ, ఏడేళ్ళు. మంగతాయారు. పుట్టలో చెయ్యి పెట్టబోతే అమ్మమ్మ కేక, ఐదేళ్ళు. మూడో మనిషిది ప్లగ్గు.

"కానీ ఇష్యూ కాలేదు గురవయ్యా," అంది, ఎవరో తన మీద నేరం మోపుతున్నట్టు. "ఐదేళ్ళలో ఒక్కసారి కూడా కాలేదు. తేదీ లేదు. నేను కళ్ళారా చూశాను."

గురవయ్య ఆ జాబితా ఆవిడ చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. ఆయన కూడా పాత గ్రంథాలయంలో వారిజతో పాటు పనిచేసినవాడే. ఆవిడని నొప్పించడం ఆయనకి చేతకాదు.

"మన పాత లైబ్రరీలో నిఘంటువు ఉండేది కదండీ," అన్నాడు. "ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళేవారు కాదు. రీడింగు రూములో నిలబడి, ఒక్క మాట చూసుకుని, అక్కడే పెట్టేసి పోయేవారు. రిజిస్టర్లో పడేది కాదండి. కానీ పేజీలన్నీ వేళ్ళ మురికితో నల్లగా అయిపోయేవి. దాన్ని ఎవరూ చదవట్లేదని తీసేస్తామా అండీ?"

ఆ పద్నాలుగేళ్ళలో వారిజ ఆ నిఘంటువుని ఎన్నడూ తీసెయ్యలేదు. పుస్తకమైతే అంచు తడిమి చూస్తే తెలిసేది. గాజుకి మురికి అంటదు. పొయ్యి దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ అక్క లోపల ఏదో ఆ పలక ఉందో లేదో చూసుకునేది. ఉంది. అంతే, చెయ్యి జాగ్రత్తపడేది. ఆ భయం రాక్‌లోంచి కదలాల్సిన పని కూడా లేదు. ఇప్పుడు రెండు వందల తొమ్మిది మంది ఊళ్ళో తిరుగుతున్నారు, దేనికీ భయం లేకుండా. వాళ్ళలో ఒకరు తన ఇంట్లో ఉన్నారు. జాబితా తన చేతిరాతలోనే ఉంది.

డాక్టర్ ఫణిభూషణ్ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు రాశారు, నేను సంతకం పెట్టాను," అన్నాడు. "ఇద్దరం కలిసి చేశాం. అందరి ఇళ్ళకీ కబురు పంపిస్తున్నాను. మనిషిని వదలొద్దని, ఒక్క నిమిషం కూడా."

"ఎన్నాళ్ళు కాపలా కాస్తారండీ? ఇవాళ పొద్దున్న అక్క స్నానానికని వేడి నీళ్ళ బకెట్లో చెయ్యి పెట్టబోయింది. నేను ముఖం కడుక్కుని వచ్చేలోపు. ఆ పలకలు వెనక్కి రావా?"

"వాటి మీద ఇప్పుడు యాభై ఏడుగురు ఉన్నారు వారిజ గారూ."

ఆ బిడ్డ తల్లి గుర్తొచ్చి వారిజ కళ్ళు మూసుకుంది.

"ఒక దారి ఉంది," అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "భయాలన్నిట్లోకీ మొదటిది ఒకటుంటుంది. ఊహ తెలిశాక, 'నేను చచ్చిపోతాను' అని మనిషికి మొట్టమొదట తెలిసిన క్షణం. అదొక్కటి ఉంటే మిగతా భయాలు దాని ఆసరాతో మళ్ళీ మొలుస్తాయి. సొంత రక్తం పంచుకున్నవాళ్ళు ఎవరైనా తమది ఇస్తే, పోయినవాళ్ళ పలకొకటి తుడిచి దాని మీదికి ఎక్కిస్తాం. అది మీ అక్కగారికి అతుకుతుంది."

"నకలు తీస్తారా?"

"నకలు తియ్యడం వీలయితే మనకీ గతి ఎందుకు? జ్ఞాపకం ఒకచోటే ఉంటుంది. ఇచ్చినవాళ్ళ దగ్గర ఉండదు. దాన్ని పట్టుకుని ఉన్న మిగతా భయాలూ ఊడిపోతాయి."

"ఇచ్చినవాళ్ళకి జ్వరం లేదు కదండీ. పూస అక్కర్లేదు కదా. మళ్ళీ నేర్చుకుంటారు కదా?"

"నేర్చుకోవచ్చు," అన్నాడాయన. "అంతవరకు బతికుంటే."

కిటికీ బయట ఎండ మామూలుగానే కాస్తోంది. వార్డు వరండాలో ఎవరో నవ్వుతున్నారు. వారిజకి తన మొదటి భయం వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. నాలుగేళ్ళప్పుడు. కాలవ రేవులో మెట్టు మీద నాచు. కాలు జారింది. పచ్చటి నీళ్ళు ముక్కులోకి, గొంతులోకి. పైన వెలుతురు దూరమైపోతోంది. అరుద్దామంటే నోట్లో నీళ్ళు. అప్పుడు ఒక చెయ్యి వచ్చి రెక్క పట్టుకుంది. పదకొండేళ్ళ అక్క, పరికిణీతోనే దూకేసింది. ఒడ్డుకొచ్చాక ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అక్కకి ఆ సంగతి జ్వరంలోనే కరిగిపోయింది. ఇప్పుడు తన దగ్గర భయంతో పాటు ఆ చెయ్యి కూడా పోతుంది. అదే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. అక్క తన ప్రాణం కాపాడిందన్న సంగతే తనకు తెలియకుండా పోతే, ఇక అక్క మీద ప్రేమ దేని మీద నిలబడుతుంది?

ఇంటికి వెళ్ళేసరికి కాపలా కూర్చున్న పక్కింటావిడ గుమ్మంలో ఏడుస్తోంది. "ఒక్క క్షణం అటు తిరిగానమ్మా, అంతే," అంటోంది. హైమవతి పెరట్లో బావి గట్టు మీద, కాళ్ళు రెండూ లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. చేదతాడు కప్పీ మీంచి జారిపోతే అందుకుంటోందట.

"అక్కా," అంది వారిజ. "కదలకు. నేనొస్తున్నా."

"చల్లగా ఉందే ఇక్కడ," అంది హైమవతి వెనక్కి తిరిగి నవ్వుతూ. నవ్వుతూనే ఇంకాస్త ముందుకు జరిగింది.

వారిజ రెండు చేతులూ అక్క నడుం చుట్టూ వేసి వెనక్కి పడింది. ఇద్దరూ మట్టిలో దొర్లారు. వారిజ ఒళ్ళంతా గడగడ వణికిపోతోంది, పళ్ళు టకటకమంటున్నాయి. హైమవతి చీర దులుపుకుంటూ, "చీరంతా పాడు చేశావు," అంది. ఆ వణుకు తగ్గకముందే వారిజ నిర్ణయం చేసేసుకుంది. తగ్గాక అయితే ధైర్యం చాలదని ఆవిడకి తెలుసు. భయం పోతుందేమోనన్న భయం ఎంత ఘోరమైనదో ఆ సాయంత్రం ఆవిడకి తెలిసింది.

మర్నాడు పదింటికి, జ్ఞాపకం లాగే కుర్చీలో కూర్చోబోయే ముందు, కేటలాగు కార్డు తనే టైపు చేసింది. పలక లేకుండా కార్డు ఉండకూడదు, కార్డు లేకుండా పలక ఉండకూడదు. "నాలుగేళ్ళ వయసు. కాలవలో మునగడం. అక్క దూకి లాగింది." శీర్షిక దగ్గర చాలాసేపు ఆగింది. "చిల్లర" అని మాత్రం రాయలేదు. కింద ఎర్ర సిరాతో, ఇష్యూ అయినా కాకపోయినా ఈ పలక తీయరాదు అని రాసి సంతకం పెట్టింది.

"నొప్పి ఉంటుందా?" అని అడిగింది.

"ఉండదు," అన్నాడు డాక్టరు. "మీరు ఇంకా ఆలోచించుకోవచ్చు."

"వద్దండీ. తొందరగా కానివ్వండి, నాకు చచ్చేంత భయంగా ఉంది."

ఆవిడ కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. కాసేపటికి ఆ వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. డాక్టరు అది చూసి తల పక్కకి తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళిద్దరూ భాండాగారం గేటు దాటి బయటికొచ్చారు. గురవయ్యని తోడు పంపుతానని డాక్టరు అంటే, ఎందుకండీ అని వారిజ నవ్వేసింది. వారిజకి హాయిగా ఉంది. చాలా ఏళ్ళుగా మోస్తున్న బరువేదో దింపేసినట్టుంది. పొద్దున్న ఎందుకంత హడావిడి పడ్డానా అని నవ్వొచ్చింది. పోర్టుకి వెళ్ళే లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. రోడ్డుకి అవతల కొబ్బరి బోండాల బండి ఉంది.

"అక్కా, బోండాం తాగుదాం రా," అంటూ వారిజ రోడ్డు మీదికి అడుగు వేసింది.

హైమవతి కెవ్వున కేక వేసింది. కాలిన చేతికి కట్టు ఉందని కూడా చూసుకోకుండా, రెండు చేతులతో చెల్లెలి రెక్క పట్టుకుని వెనక్కి గుంజింది. లారీ ఒకటి హారను మోగించుకుంటూ వారిజ కొంగుని తాకినంత దగ్గరగా వెళ్ళిపోయింది. డ్రైవరు తిట్టిన తిట్టు దుమ్ములో కలిసిపోయింది.

"ఏంటే అది! ఏంటే!" హైమవతి ముఖం పాలిపోయింది. కళ్ళలో నీళ్ళు. "చచ్చిపోయేదానివి!"

"ఆపేవాడులే," అంది వారిజ. "చెయ్యి వదులక్కా, నొప్పిగా ఉంది."

"వదలను." హైమవతి వెక్కిళ్ళ మధ్య మాట్లాడుతోంది. "నువ్వు వదిలేశావా నన్ను? చిన్నప్పుడు కాలవలో మునిగిపోతుంటే, ముక్కులోకి నోట్లోకి నీళ్ళెళ్ళి చచ్చిపోతున్నాననుకుంటుంటే, నువ్వు కాదూ చెయ్యి పట్టుకుని లాగింది? ఇవాళ పొద్దున్నే గుర్తొచ్చిందే నాకు. ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయానో! నువ్వు లేకపోతే నేను లేనే."

వారిజ నోరు తెరిచింది. గంట కిందట తన బల్ల మీద ఒక కార్డు చూసింది. తన సంతకమే ఉంది. అందులో ఉన్నది ఇలా కాదు. దూకింది అక్క అని ఉంది. కానీ అది ఎవరి కార్డో చదివినట్టే చదివింది. ఏ నీళ్ళూ గుర్తు రాలేదు, ఏ చెయ్యీ గుర్తు రాలేదు. కాదని చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు. తనకంటే పెద్దది, నడివయసు మనిషి, రోడ్డు మీద అందరి ముందూ చిన్నపిల్లలా ఏడుస్తూ తనను పట్టుకుని ఉంది. వారిజ నోరు మూసుకుంది.

హైమవతి కళ్ళు తుడుచుకుంది. అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ అటు చూసింది. ఎనిమిదేళ్ళుగా ఒంటరిగా రోడ్డు దాటని మనిషి, అటుగా వెళ్తున్న ఒక కానిస్టేబుల్ని పిలిచి, "బాబూ, మా చెల్లాయికి ఒంట్లో బాగోలేదు, కాస్త బళ్ళు ఆపండి," అని బతిమాలింది. లారీలు ఆగాయి. హైమవతి చెల్లెల్ని తన పక్కకి లాక్కుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ దాటించింది. ఆవిడ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది, ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది.

భయపడాల్సిన చోటే ఇది అని వారిజకి తెలుసు. ఎలా పడాలో ఎంత వెతికినా లోపల దొరకలేదు. అక్క లాగిన వైపు నడిచింది.